వేళ్లకు తెలిసిన పగులు

నలభై నిమిషాలు పట్టొచ్చు, గంట కూడా కావచ్చు, పరీక్ష అయిపోగానే డాక్టరుగారు పిలుస్తారు, ఇక్కడే ఉండండి అని చెప్పి నర్సమ్మ రాధాబాయిని లోపలికి తీసుకుపోయి తలుపు వేసింది. తలుపు మూతపడేముందు భార్య వెనక్కి తిరిగి చూస్తుందేమోనని లక్ష్మీరాజం లేచి నిలబడ్డాడు. ఆమె చూడలేదు. చెప్పులు గుమ్మం బయట విప్పి, వాటిని కాలితోనే గోడవారకు జరిపి పోయింది. వంగి చేత్తో జరపలేదు. ఇంతకుముందైతే అది అతని కంటికి ఆనేది కాదు. ఈ నెల రోజులుగా ఆమె చేతులతో చేయకుండా వదిలేసే పనులు ఒక్కొక్కటే కనబడుతున్నాయి. బస్సులో టికెట్‌కు చెయ్యి చాపకపోవడం, టీ గ్లాసును రెండు అరచేతుల నడుమ పట్టుకోవడం, జాకెట్టు హుక్కులు పెట్టడానికి పొద్దున్నే పక్కింటి దేవవ్వను పిలవడం. మొగుడు ఇంట్లోనే ఉండగా పక్కింటామెను. లోపల నరాలకు కరెంటు పెట్టి చూస్తారట, చిన్న చిన్న షాకులు, చీమ కుట్టినట్టుంటుందని కూతురు రుచిత ఫోనులో చెప్పింది. ఆమెకు చీమ కుట్టినంతైనా తెలుస్తుందో లేదో. తెలిస్తే బాగుండును. భార్యకు నొప్పి తెలియాలని మొక్కుకుంటూ కూర్చున్న మొగుడు ఈ దవాఖాన మొత్తంలో తానొక్కడేనేమో అనుకుంటూ, నిజామాబాదు ఖలీల్‌వాడిలోని ఆ మూడో అంతస్తు వరండాలో, కిటికీ పక్కనున్న ఇనుప కుర్చీలో అతను మళ్లీ కూలబడ్డాడు.

కిటికీలోంచి చూస్తే రోడ్డుకు అవతల కొత్తగా కట్టిన బట్టల షోరూము, నాలుగంతస్తులూ అద్దాలే. కింద ఫుట్‌పాత్ మీద ఒకతను పొడుగాటి పోల్ నిలబెట్టి, దాని కొసకున్న బ్రష్‌తో రెండో అంతస్తు అద్దాలు కడుగుతున్నాడు. పోల్ అంటే ఒకదానిలో ఒకటి దూరిన ఐదారు కార్బన్ గొట్టాలు, ప్రతి గొట్టం మూతికీ ఒక క్లాంపు, క్లాంపు వదులు చేసి గుంజితే పొడుగవుతుంది, బిగిస్తే నిలబడుతుంది, పక్కనే సన్నటి పైపు పైదాకా నీళ్లు మోసుకుపోతుంది. కింది నుంచి మూడో క్లాంపు పట్టడం లేదు. ఇంత దూరం నుంచి కూడా లక్ష్మీరాజానికి అది తెలుస్తోంది, బ్రష్‌ను అద్దానికి అదిమినప్పుడల్లా ఆ జాగాలో గొట్టం జానెడు కిందికి దిగుతోంది, అతను దించి, గుంజి, బిగించి, మళ్లీ ఎత్తుతున్నాడు. ఇసుక పోయి ఉంటుంది లోపలికి. పని అయినంక తడిగుడ్డతో తుడవరు, విప్పి ఆరబెట్టరు, తడి తడిగానే లోపలికి తోసి మూలన పడేస్తారు, ఇసుక గొట్టానికీ గొట్టానికీ నడుమ చేరి రేగుమాలు గీసినట్టు గీస్తుంది. ఎన్నిసార్లు చెప్పాడు ఎంతమందికి. చెప్పడం అతనికి బాగా వచ్చు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు ఫిట్టరుగా ఉన్న మనిషి, కొత్తగా చేరినవాళ్లకు పని చెప్పడంలోనే సగం బతుకు గడిచింది. ఫ్యాక్టరీ మూతపడిన తర్వాత చెప్పడానికి ఎవరూ లేక నాలుగేళ్లు నాలుక ఎండిపోయింది. ఎడపల్లి దగ్గర ఒక షెడ్డులో ఇంటి గేట్లకు వెల్డింగు పెట్టేవాడు. అక్కడ అందరూ 'ఓ ముసలాయనా' అని పిలిచేవాళ్లు. అప్పుడతనికి యాభై కూడా నిండలేదు.

ఆ రోజుల్లోనే నిజామాబాదులో దవాఖానలకూ కాలేజీలకూ ఊడ్చే తుడిచే పని ఒప్పుకునే మల్లికార్జున్ ఒక విరిగిన పోల్‌ను జీపు పైన కట్టుకుని బోధన్ రాకాసిపేటలోని అతని ఇంటికి వెతుక్కుంటూ వచ్చాడు. హైదరాబాదులో కూడా ఎవరూ బాగుచేయడం లేదు, కొత్తది కొనుక్కోమంటున్నారు, నువ్వు ఫ్యాక్టరీ మనిషివి కదా, ఒకసారి చూడు అన్నాడు. లక్ష్మీరాజం విరిగిన మేర కోసి, కొస నున్నగా రుద్ది, క్లాంపును మళ్లీ అతికించి ఇచ్చాడు. వారానికి అదే గొట్టం ఇంకో జాగాలో చీలి తిరిగొచ్చింది. ఇనుమైతే అతనికి తెలుసు, ఇనుము వంగుతుంది, వంగినప్పుడు చూసుకోవచ్చు. ఈ కార్బన్ పగిలినా పైకి నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది. గొట్టాన్ని మోకాళ్ల మీద పెట్టుకుని ఎండకు తిప్పి తిప్పి చూస్తుంటే, గడపలో బీడీల చేట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న రాధాబాయి ఇటు తెమ్మంది. ఎందుకన్నాడు. ఊరికే తెమ్మంది. కళ్లు వీధి వైపు పెట్టి, కుడిచేతి చూపుడువేలినీ నడిమివేలినీ గొట్టం మీద ఆ కొస నుంచి ఈ కొసకు జార్చింది, ఒకచోట ఆగింది, వెనక్కి పోయింది, మళ్లీ ఆగింది. "ఈడ ఇంకోటున్నది," అన్నది. అతనికేమీ కనబడలేదు. తడిగుడ్డతో తుడిచి ఎండలో పట్టుకుంటే, చుట్టూ తడి ఆరిపోయాక వెంట్రుకంత గీత ఒకటి ఆరకుండా మిగిలింది.

తొమ్మిదేళ్ల వయసు నుంచి తునికాకు పట్టిన వేళ్లవి. ఆకు కత్తిరించక ముందే అది చుట్టేటప్పుడు చిరుగుతుందో చిరగదో చెప్పేవి. అమ్మగారింటి వైపు రెంజల్‌లో చీకటి గదిలో అవ్వ పక్కన కూర్చుని నేర్చుకున్నానని, దీపం పెట్టకపోవడమే మేలయ్యిందని, కంటికి అలవాటైతే వేలు మొద్దుబారుతుందని అవ్వ అనేదని రాధాబాయి ఒకసారి చెప్పింది. ఏ మాట మీద చెప్పిందో ఇప్పుడు గుర్తుకు రావడం లేదు. గుర్తుపెట్టుకోవలసిన మాటలన్నీ ఆమె అతను రేగుమాలు రుద్దుతున్నప్పుడే చెప్పింది, ఆ గరగరలో సగం వినబడ్డాయి, సగం లేదు. అప్పటి నుంచి వచ్చిన ప్రతి పోల్ ముందు ఆమె దగ్గరికే పోయేది. ఆమె సుద్దముక్కతో గీతలు గీసేది, అతను గీతలున్న చోట రుద్ది, గుడ్డ చుట్టి, జిగురు పట్టించి, ఆరాక మళ్లీ నున్నగా చేసేవాడు, చివరికి మళ్లీ ఆమె వేళ్లు. ఆమె సరేనంటేనే పోల్ గడప దాటేది. కామారెడ్డి నుంచి వచ్చాయి, నాందేడ్ నుంచి మరాఠీ మాట్లాడేవాళ్లు తెచ్చారు, వాళ్లతో రాధాబాయే మాట్లాడేది. బోధన్ల ఒక ఫిట్టరున్నడు, చేత్తోటి తడిమి లోపలి పగులు చెప్తడు అనే మాట మల్లికార్జున్ నోటినుంచే పుట్టి ఉంటుంది. ఆ మాట ఊళ్లు తిరిగి అతని చెవికి వచ్చిన రోజు అతనేం చేశాడు? కాదనలేదు. నవ్వాడు. మల్లా ఫిట్టరన్నారు కదా, ముసలాయన అనలేదు కదా అని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. వడ్డించింది ఆమే.

ఒక్కటి మాత్రం మరిచిపోవాలన్నా పోదు. ఒక మధ్యాహ్నం ఆమె పోల్ ఒళ్లో పెట్టుకుని తడుముతుండగా నాందేడ్ సేఠ్ ఒకాయన చెప్పకుండా వాకిట్లోకి వచ్చాడు. రాధాబాయి చప్పున పోల్‌ను లక్ష్మీరాజం పక్కకు జరిపి, కొంగు సర్దుకుని, టీ పెడతానని లేచి లోపలికి పోయింది. అతను అడగలేదు. సైగ కూడా చేయలేదు. ఆమె అంతట ఆమే లేచింది. ఆ లేచిపోవడం చూసి అతని ఒంట్లో ఏదో బరువు దిగినట్టయింది. అలా దిగిందన్న సంగతి అప్పుడే తెలుసు, తెలిసి కూడా పోల్‌ను ఒళ్లోకి తీసుకుని, సేఠ్ చూస్తుండగా రెండు వేళ్లు దాని మీద జార్చాడు, ఆమె జార్చినట్టే, కళ్లు వీధి వైపు పెట్టి. ఆ వేళ్లకు ఏమీ తెలియలేదు. సుద్ద గీత ఉన్నచోట ఆపాడు, అంతే.

లోపలి నుంచి ఏమీ వినిపించడం లేదు. యంత్రం చప్పుడు కూడా లేదు. ఎదురు కుర్చీలో ఒకామె బిడ్డను ఒళ్లో వేసుకుని తట్టుతోంది, ఆ తట్టే చప్పుడుకు మొదట భార్య చేతులు గుర్తొచ్చాయి, తర్వాత ఆ తెల్లవారుజాము. రాధాబాయి మంచం మీద కూర్చుని రెండు చేతులనూ నీళ్లు దులిపినట్టు దులుపుతోంది. ఏందే అన్నాడు. తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టున్నది, రోజూ ఇదే తీరు అన్నది. బీడీలు చుట్టిన చేతులు, అందరికీ ఉండేదే, బామ్ రాసుకుని పండుకో అని అటు తిరిగి పడుకున్నాడు. ఏడాదిన్నర అయింది. ఆ తర్వాత గ్లాసులు జారాయి, ఒకటి, రెండు, స్టీలువి కాబట్టి పగలలేదు. ఆ తర్వాత ఒకరోజు పనిలోంచి తలెత్తి చూస్తే ఆమె పోల్‌ను పైకెత్తి చెంపకు ఆనించుకుని మెల్లగా జరుపుతోంది, చెంప మీదుగా, పెదవి మీదుగా, కళ్లు మూసుకుని. "ఏందే, పోల్‌కు ముద్దు పెడుతున్నవా?" అన్నాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు కనబడుతోంది, సగంలో ఆగి, సర్దుకుని, పూర్తి చేసిన నవ్వు. వేళ్లకు తెలియడం లేదు కాబట్టి చెంపకు తెలుస్తుందేమోనని చూసుకుంటున్న మనిషి అది. ఆరు నెలలు అలా చెంపతో పని చేసింది. అతను ఎప్పుడు చూసినా నవ్వుతున్నాడని తర్వాత్తర్వాత వెనక అర్రలోకి తీసుకుపోయి చూసేది. వెలుతురు లేదక్కడ, ఎందుకు పోతున్నావని అడిగితే ఎండగా ఉందన్నది, అతను నమ్మాడు. నమ్మడం సులువుగా ఉండింది.

అప్పుడే ఆ కాలేజీ పోల్ సంగతి. ఆమె సరేనన్న పోల్ కాలేజీ గోడ దగ్గర నడిమిట్ల చీలి పైభాగం అద్దాన్ని పగలగొట్టుకుంటూ పడింది. మనుషులెవరూ కింద లేరు కాబట్టి సరిపోయింది. మల్లికార్జున్ రెండు ముక్కలూ తెచ్చి వాకిట్లో పడేసి, ఇట్లైతే ఎట్ల లక్ష్మీరాజం అన్నాడు. లక్ష్మీరాజం గడప వైపు చెయ్యి చూపించాడు. "నేను కాదన్నా, చూసేది ఈమె. ఈమె ధ్యాస ఈ నడుమ పని మీద లేదు." ఇన్నేళ్లలో ఆ వేళ్ల సంగతి బయటివాడికి చెప్పడం అదే మొదలు. చెప్పింది తప్పు మోపడానికి. మల్లికార్జున్ ఆమె వైపు వింతగా చూశాడు, చూసేది ఈమెనా అని కాబోలు. రాధాబాయి లేచింది. ముక్కలు రెండూ ఏరి గోడకు ఆనించి, లోపలికి పోయింది. టీ పెడతానని మాత్రం అనలేదు. నెల కింద రుచిత ఆర్మూరు నుంచి పిల్లాడిని తీసుకుని వచ్చినప్పుడు, వాడి చొక్కా గుండీ పెట్టమంటే ఆమె వేళ్లు ఆ గుండీ చుట్టూ తిరిగి తిరిగి పట్టుకోలేకపోయాయి. రుచిత ఆ చెయ్యి లాగి చూసింది. వెనక్కి తిరిగి, "బాపు, అమ్మ చెయ్యి ఎన్నడన్న సూసినవా?" అని మాత్రం అన్నది. ఆ రాత్రి చూశాడు. బొటనవేలి కింద కండ ఉండవలసిన చోట గుంట పడి ఉంది.

కిటికీ అవతల పోల్ మళ్లీ జారింది. ఈసారి అద్దాలు కడిగే అతను దాన్ని పూర్తిగా దించి, ఫుట్‌పాత్ మీద పడుకోబెట్టి, సంచిలోంచి చిన్న నూనె డబ్బా తీశాడు. లక్ష్మీరాజం కుర్చీలోంచి లేచాడు. నూనె పోయకూడదు. ఇప్పటికి సులువుగా జరుగుతుంది, కానీ క్లాంపు ఇక పట్టదు, ఎంత బిగించినా పట్టదు, పైనున్న బరువంతా ఒక్కసారి జారి వాడి చేతుల మీద పడుతుంది, కింద జనం నడుస్తున్నారు, స్కూటర్లు ఆపుకుంటున్నారు. తలుపు వైపు చూశాడు. మూసే ఉంది. గోడ గడియారంలో ఇరవై అయిదు నిమిషాలే అయ్యాయి. నలభై అన్నది కదా, గంట కూడా అన్నది. ఐదు నిమిషాల పని. మెట్లు దిగుతుంటే ఒంట్లో చురుకు పుట్టింది, ఆ చురుకుకు సిగ్గు కూడా పుట్టింది. వరండాలో ఊరికే కూర్చుని అన్నీ గుర్తుచేసుకోవడం కంటే ఇది సులువు.

అతని పేరు వెంకటి, బాల్కొండ మనిషి, ముప్పై దాటి ఉంటాడు. ముందు ఎవరో పెద్దమనిషి అనవసరంగా తగులుకున్నాడని విసుక్కున్నాడు, కానీ లక్ష్మీరాజం పోల్ పట్టుకున్న తీరు చూసి పక్కకు జరిగాడు. లక్ష్మీరాజం గొట్టాలు ఒక్కొక్కటే పూర్తిగా బయటికి తీయించాడు, బకెట్లో నీళ్లతో కడిగించాడు, నల్లటి నీళ్లతో పాటు ఇసుక గరగరా రాలింది, భుజం మీది తువ్వాలతో తనే తుడిచాడు, క్లాంపు మరను రూపాయి బిళ్లతో రెండు చుట్లు బిగించి, గొట్టం నిలబెట్టి పైనుంచి ఒత్తి చూపించాడు. దిగలేదు. ఇక అలవాటు చొప్పున రెండు వేళ్లు గొట్టం మీద జార్చాడు. చల్లగా, నున్నగా ఉంది. పగులుందో లేదో దేవుడికే తెలియాలి. వెంకటి ఆ వేళ్లనే చూస్తున్నాడు.

"బోధన్ల ఒకాయన ఉన్నడట కాకా, గిట్లనే చేత్తోటి పట్టి లోపలి పగులు చెప్తడట. నీకెరుకనా?"

లక్ష్మీరాజం తువ్వాలను పిండాడు. దులిపాడు. మళ్లీ భుజాన వేసుకున్నాడు.

"గాయిన కాదు," అన్నాడు. "గాయిన భార్య. గాయినకేం తెల్వది. గాయిన నేనే. ఆమె పేరు రాధాబాయి."

చెప్పాక మాట ఇక ఆగలేదు. వెంకటి అడగకపోయినా తునికాకు గురించి చెప్పాడు, రెంజల్‌లోని చీకటి గది గురించి చెప్పాడు, సుద్ద గీతల గురించి, తడి ఆరినా ఆరకుండా మిగిలిన ఆ మొదటి గీత గురించి, నాందేడ్ సేఠ్ ముందు తాను ఆడిన నాటకం గురించి కూడా చెప్పాడు. వెంకటి పోల్ చేతిలో పట్టుకునే వింటున్నాడు, గట్లనా, గట్లనా అంటున్నాడు. ఇన్నేళ్లు దాచుకున్నది ఒక ముక్కూ ముఖం తెలియనివాడి ముందు ఇంత తేలిగ్గా ఎలా బయటికి వస్తోందని లక్ష్మీరాజానికి ఆశ్చర్యమేసింది, ఇంటికి పోయాక మల్లికార్జున్‌కు చెప్తాను, నాందేడ్‌కు ఫోను చేసి చెప్తాను అనుకున్నాడు, మంచి పని మొదలుపెట్టినట్టే ఉంది, ఎండ కూడా అంత తగలడం లేదు. ఇప్పుడామె ఏడున్నది కాకా అని వెంకటి అడిగాడు. లక్ష్మీరాజం వెనక్కి తిరిగి మూడో అంతస్తు కిటికీ వైపు చూశాడు. షోరూములో గోడ గడియారం అద్దంలోంచి కనబడుతోంది. దిగి వచ్చి ముప్పావుగంట దాటింది.

లిఫ్టు కోసం ఆగలేదు. మెట్ల మీద రెండుసార్లు నిలబడవలసి వచ్చింది. వరండాలోకి వచ్చేసరికి అతను కూర్చున్న కుర్చీలోనే రాధాబాయి కూర్చుని ఉంది, ఫైలు ఒళ్లో పెట్టుకుని, అది జారకుండా దాని మీద రెండు మణికట్లూ ఆనించి. కిటికీ వైపు తిరిగి ఉంది. అతను వచ్చి ముందు నిలబడ్డాక తలెత్తింది.

"సారు పిలిచిండు," అన్నది. "నర్సు రెండుసార్లు బయటికొచ్చి సూసింది. నువ్వు లెవ్వు."

ఏమన్నాడు అని అడిగాడు, ఆయాసంతో మాట సగమే వచ్చింది. మణికట్టు దగ్గర నరం నలిగిపోయిందట. కోసి వదులు చేస్తారట, రెండు చేతులకు, ఒకటైనంక ఒకటి. తిమ్మిర్లు పోతాయి, రాత్రి నిద్ర పడుతుంది. పట్టు కొంచెం వస్తే రావచ్చు. వేలికొసల్లో పోయిన స్పర్శ మాత్రం ఇక చాలామట్టుకు రాదని చెప్పాడట. ఏడాది కింద వచ్చి ఉంటే వేరుగా ఉండేదన్నాడట. ఇదంతా ఆమె బజారులో కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. లోపల డాక్టరు చెప్తున్నప్పుడు ఎలా విన్నదో, తల ఊపిందో, ఏమైనా అడిగిందో, ఆ గదిలో ఆమె పక్కన ఇంకో కుర్చీ ఉండే ఉంటుంది, అది ఖాళీగా ఉండే ఉంటుంది. అతను పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఏదో ఒకటి ఇవ్వాలనిపించింది ఆమెకు, ఇప్పుడే, ఇక్కడే, తన దగ్గరున్నది ఒకటే.

కింద వెంకటి అనే ఒకతను కలిశాడని, పోల్ బాగుచేసి ఇచ్చానని, అతను బోధన్ మనిషి గురించి అడిగితే నేను కాదు నా భార్య అని చెప్పానని, పేరుతో సహా చెప్పానని, రెంజల్ సంగతి కూడా చెప్పానని, తడబడుతూ, ముందుది వెనక వెనకది ముందు పెట్టి చెప్పాడు. రాధాబాయి అడ్డు రాకుండా విన్నది.

"ఎక్కడి మనిషి ఆయన?"

"బాల్కొండ."

"మంచిది. ఆయనకైన ఎరుకైంది." తన చేతుల వైపు చూసుకుంది. "నాతోటి ఎన్నడన్న అన్నవా గీ మాట? బయట ఎవ్వలకు చెప్పకున్నా సరే. ఇంట్ల, మనిద్దరమే ఉన్నప్పుడు, ఒక్కసారన్న."

అతను వెతికాడు. ఏడేళ్లలో ఎన్ని పొద్దులు, ఎన్ని పోల్‌లు, వాకిట్లో ఇద్దరే కూర్చుని పని చేసిన మధ్యాహ్నాలు ఎన్ని, వాన పడి కరెంటు పోయి చేసే పని లేక ఊరికే కూర్చున్న సాయంత్రాలు ఎన్ని. పండుగ నాడో, ఆమెకు జ్వరం వచ్చి లేచిన నాడో, పోనీ మాట తూలిన నాడో. ఎక్కడో ఒకచోట అని ఉంటాడు, మనిషన్నవాడు అనకుండా ఉంటాడా అని ఒక్కొక్క రోజునూ తీసి చూశాడు. రాధాబాయి తొందరపెట్టలేదు, అతను నిజంగానే వెతుకుతున్నాడని తెలిసినట్టు ఎదురుచూసింది. నర్సమ్మ బయటికి వచ్చి వేరే ఎవరి పేరో పిలిచింది, బిడ్డను తట్టుతున్న ఆమె లేచి లోపలికి పోయింది.

"లేదు," అన్నాడు.

రాధాబాయి తల ఊపింది. రెండు మణికట్ల నడుమ ఫైలు పట్టుకుని లేచి, చెప్పుల కోసం గోడవైపు నడిచింది.